కిటికీ వైపు మొదటి అడుగు

బ్యాలే క్లాసుకి పియానో వాయించడంలో ఒక సుఖముంది. చేతులకి పని ఉంటుంది గానీ మనసుకి ఉండదు. పిల్లలు గోడవార కమ్మీ పట్టుకుని మెల్లగా మోకాళ్ళు వంచుతారు, అంతకన్నా మెల్లగా లేస్తారు. వాళ్ళు లేచేదాకా నేను ఒకే వరసని సాగదీస్తూ కూర్చోవాలి. ఆ కాసేపట్లో కళ్ళు తెరుచుకునే కల కనొచ్చు. న్యూకాసిల్‌లో చాలా ఏళ్ళపాటు మధ్యాహ్నాలు నేను చేసిన ఉద్యోగం అదే. పొద్దుట పూట మాత్రం జీపీ సర్జరీలో, అంటే పేట డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షన్. అపాయింట్‌మెంట్ దొరకనివాళ్ళంతా నా మీద విరుచుకుపడేవాళ్ళు, నేనూ తక్కువదాన్నేం కాదు. తల వేడెక్కి వచ్చి పియానో ముందు కూర్చుంటే గానీ చల్లబడేది కాదు.

పియానో నాకు మా నాన్న పెట్టిన భిక్ష. కాకినాడలో మా చర్చిలో ఆయన ఆర్గన్ వాయించేవాడు. కాళ్ళతో తొక్కుతూ వాయించే పాత రకం. నాకు కాళ్ళు అందీ అందకముందే నేర్పేశాడు. "ఆ పెట్టె వాయించి ఎవర్ని ఉద్ధరిస్తావే?" అని మా అమ్మమ్మ దెప్పేది. పెళ్ళయి ఇంగ్లండు వచ్చాక చాలాకాలం ఆవిడ మాటే నిజమైంది. ఒకసారి తెలుగువాళ్ళ భోజనాల్లో పరిచయమైన వరంగల్ డాక్టరమ్మ ఒకావిడ నన్ను పక్కకి పిలిచింది.

"అక్కా, మా బిడ్డ డాన్స్ నేర్చుకునే కాడ పియానో వాయించే పెద్దాయన మానేసిండట. నీకొస్తదట గదా, ఒక్కపారి పోయి చూడరాదు?"

"కూచిపూడికి పియానో ఏంటండీ?" అన్నాను.

"కూచిపూడి కాదక్కా, బ్యాలే. నేను గూడ కూచిపూడే నేర్పిద్దమనుకున్న. దానికేమో గదే గావాలట. ఏం జేస్త?"

అలా వెళ్ళాను. నది ఒడ్డున పాత గోడౌన్ పై అంతస్తులో పొడుగాటి హాలు. ముందు గోడంతా అద్దం. అద్దానికి ఎదురుగా నిలబడితే ఎడమ పక్క పెద్ద కిటికీలు, కుడి పక్క మూలన పియానో. కిటికీల్లోంచి వంతెన కనిపించేది. వేసవి వస్తే దాని కింద సముద్రపు పిట్టలు వేలాడుతూ గూళ్ళు కట్టుకుని రోజంతా గోల పెట్టేవి. చలికాలంలో నది మీంచి పొగమంచు లేచి కిటికీల దాకా వచ్చి ఆగిపోయేది. మధ్యాహ్నం నాలుగింటికే వెలుగు బూడిద రంగులోకి తిరిగి, తెల్ల మేజోళ్ళు వేసుకున్న పిల్లలు ఆ వెలుగులో తేలుతున్నట్టుండేవాళ్ళు. ఒక్కోసారి మా చర్చి పాటలు కొన్నింటిని మూడు దెబ్బల తాళంలోకి మార్చి వాయించేసేదాన్ని. ఎవరూ పట్టుకోలేదు.

ఆ స్కూలు నడిపే ఆవిడని పిల్లలంతా మిస్ అనేవాళ్ళు. నేనూ మిస్ అనే అనేదాన్ని. ఒకప్పుడు లండన్‌లో పెద్ద కంపెనీలో డాన్సర్. తుంటి ఎముక అరిగిపోయాక నాట్యం మానేసి, పుట్టిన ఊరు తిరిగొచ్చి పాఠాలు మొదలుపెట్టింది. నన్ను "పెట్" అని పిలిచేది. ఆ ఊళ్ళో ప్రేమగా ఎవర్నైనా అలాగే అంటారు. మొదట్లో పెంపుడు కుక్కని పిలిచినట్టుందని నాకు ఒళ్ళు మండేది గానీ తర్వాత ఆవిడ అలా పిలవకపోతే ఏదో కోపం వచ్చిందేమో అనిపించేది.

ఆవిడ నేర్పే తీరు చెప్పాలి. అద్దానికి వీపు పెట్టి, పిల్లలకి ఎదురుగా నిలబడేది. నోటితో కుడి కాలు అంటూ తన ఎడమ కాలు ఎత్తేది. ఎదురుగా ఉన్న పిల్లలకి అది సరిగ్గా తమ కుడి కాలి ఎదుట లేస్తుంది కదా, చూసి అటే ఎత్తేసేవాళ్ళు. చిన్నపిల్లలకి కుడి ఎడమలు ఆలోచించే పని లేకుండా బ్యాలే నేర్పేవాళ్ళంతా అలాగే చేస్తారట. మిస్ అద్దం, వాళ్ళు అద్దంలో బొమ్మలు. పిల్లలకి ఎప్పుడూ వీపు చూపించకూడదనేది ఆవిడ నియమం. "వీపు తిప్పావంటే ఎవరి మడమ వంకరపోయిందో నీకెలా తెలుస్తుంది?" అనేది.

ఇంకో అలవాటుంది. కాళ్ళతో చేయాల్సిన నాట్యాన్ని చేతులతో చేసేది. డాన్సర్లంతా చేస్తారట, కాళ్ళకి అలుపు రాకుండా. గిరగిరా తిరగాలంటే వేలు తిప్పుతారు, గెంతాలంటే అరచెయ్యి గాల్లో ఎగరేస్తారు. పిల్లలు వెళ్ళిపోయాక నేను పుస్తకాలు సర్దుకుంటుంటే మిస్ కిటికీ దగ్గర నిలబడి, ఏదో కూనిరాగం తీస్తూ, రెండు చేతులతో ఒక పూర్తి నాట్యం చేసేది. మొహంలో నవ్వూ కాదు, దిగులూ కాదు. ఆ చేతుల్ని చూస్తూ నేను బస్సు పోగొట్టుకున్న రోజులున్నాయి. మర్నాడు సర్జరీలో ఎవరో ఫోన్లో అరుస్తుంటే నా కళ్ళ ముందు ఆ చేతులే ఆడేవి.

"ఏంటి మిస్ అది?" అని ఒక వాన సాయంత్రం అడిగేశాను.

అదొక జంట నాట్యం. ఆవిడ వయసులో ఉన్నప్పుడు ఒక పెద్ద నాట్యాచార్యుడు ఆవిడ కోసం, ఆవిడతో జంటగా ఆడే డాన్సర్ కోసం కూర్చాడు. పియానో ఒక్కటే వాద్యం. కొన్ని ఊళ్ళు తిరిగి ఆడారు, తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ పెద్దాయన కెమెరా చూస్తే మండిపడేవాడు, అంచేత వీడియో లేదు. ఎవరూ రాసిపెట్టలేదు. సంగీతం అచ్చులో దొరుకుతుంది గానీ నాట్యం మాత్రం ఆ ఇద్దరి ఒంట్లోనే ఉంది.

"నేను పోతే అదీ పోతుంది, పెట్," అంది మిస్ తలుపుకి తాళం వేస్తూ. "నాకు పిల్లల్లేరు, దానికి నేనేం బాధపడను. దీనికి మాత్రం బాధగా ఉంటుంది."

ఆ మాట నాతోపాటు బస్సెక్కింది.

ఆ పెద్దాయన పోయాడన్న కబురు మరుసటి వసంతంలో వచ్చింది. ఆయన జ్ఞాపకార్థం లండన్‌లో ఒక సాయంత్రం ఆయన కూర్చినవన్నీ ఆడించాలనుకున్నారు. ఆడించే కంపెనీకి డైరెక్టరు ఎవరనుకున్నారు? మిస్‌తో జంటగా ఆడిన ఆ డాన్సరే. ఆయన నాట్యం మానేశాక పాఠాలు చెప్పలేదు, పెత్తనం చేశాడు. అది నా మాట కాదు, మిస్ మాటే, నవ్వుతూ అన్నది. మగ భాగం ఆయన అక్కడ ఒక డాన్సర్‌కి నేర్పేట్టు, ఆడ భాగం మిస్ నేర్పేట్టు ఒప్పందం. మిస్ ఒక్కటే షరతు పెట్టింది. నేర్చుకునే అమ్మాయిని తనే ఎంచుకుంటానంది.

ఎంచుకున్నది మన వరంగల్ డాక్టరమ్మ కూతుర్నే. పాలపళ్ళు ఊడే వయసులో మిస్ దగ్గర చేరిన పిల్ల. ఎదిగి, పెద్ద స్కూల్లో చదివి, ఆ కంపెనీలోనే కొత్తగా చేరింది. ఇంట్లో తెలుగంతా అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఆ ఊరి ఇంగ్లిషులో ఇస్తుంది. నన్ను ఆంటీ అంటుంది. వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి, "అక్కా, గా డాన్స్‌ల దానికి పేరొస్తే సాలు, నాకింకేం వద్దు," అని ఏడ్చినంత పని చేసింది.

ఆ చలికాలంలో కంపెనీ ఆ పిల్లని కొన్ని వారాలు మా దగ్గరికి పంపింది. ఆ వారాలు నాకిప్పటికీ నిద్రలో గడిచినట్టే ఉంటాయి. పిల్లల క్లాసులయ్యాక మేం ముగ్గురమే. పొగమంచు, వంతెన దీపాలు, హీటర్ మీద ఆరేసిన మేజోళ్ళు. మిస్ అలవాటుగా అద్దానికి వీపు పెట్టి, ఆ పిల్లకి ఎదురుగా నిలబడేది. ఒకే చోటు పదేపదే వాయించేదాన్ని. మిస్ ఎక్కువ మాట్లాడదు. "ఇక్కడ నీకు ఎవరో పిలిచినట్టుంటుంది," అనేది. "కిటికీ వైపు మొదటి అడుగు. తర్వాత పియానో వైపు. ఇక్కడ ఊపిరి," అనేది. చేతులతో చూపించేది, మరీ అవసరమైతే తన నడుం పట్టుకుని నాలుగడుగులు వేసేది. ఆవిడ ఎటు కదిలితే ఆ పిల్లా అటే కదిలేది. చిన్నప్పట్నుంచీ అలవాటైన పనే కదా.

నాట్యం రోజురోజుకీ ఆ పిల్ల ఒంట్లోకి దిగింది. ఒక రోజు మిస్ మాట్లాడకుండా మొత్తం చూసింది. "నన్ను నేను చూసుకుంటున్నట్టే ఉంది," అంది. నాకు కళ్ళ నీళ్ళొచ్చి నోట్స్ కనపడలేదు, తప్పు వాయించాను. ఎవరూ పట్టించుకోలేదు.

చివరికి ఒక గురువారం డైరెక్టరు గారు రైల్లో వచ్చాడు, తను నేర్పిన డాన్సర్‌ని వెంటబెట్టుకుని. నెరిసిన జుట్టు, మెడ చుట్టూ ఖరీదైన మఫ్లరు, చేతిలోంచి దిగని ఫోను. మిస్సూ ఆయనా బుగ్గలు తాకించుకుని నవ్వుకున్నారు. ఈ జంట నాట్యం కుదిరితే ప్రోగ్రాంలో ఉంటుంది, కుదరకపోతే బదులు ఇంకొకటి సిద్ధంగా ఉందని ముందే చెప్పేశాడు. మంచి మాటే, కానీ చెప్పిన తీరు నాకు నచ్చలేదు.

మొదలుపెట్టాను. ఆ పిల్ల ముందు నుంచి, లండన్ డాన్సరు వెనక నుంచి. కొన్ని క్షణాలకే ఇద్దరూ ఒకే చోటికి పరిగెత్తి ఢీకొన్నారు. అందరూ నవ్వారు. మళ్ళీ వాయించాను. మళ్ళీ అదే చోట ఢీకొన్నారు. ఈసారి అతని భుజం ఆ పిల్ల ముక్కుకి తగిలింది. మూడోసారి నవ్వేవాళ్ళు లేరు.

"మొదటి అడుగే తేడా. తను అటు కదా వెళ్ళాలి," అన్నాడు డైరెక్టరు, పియానో దగ్గరున్న నా వైపు చెయ్యి చూపిస్తూ.

"కాదు, కిటికీ వైపు," అంది మిస్. "నాకు బాగా గుర్తు."

"నాకూ బాగానే గుర్తు. నువ్వు ఎటెళితే నేను అటు చెయ్యి చాపాలి. అది మర్చిపోతానా?"

ఇద్దరూ గౌరవంగానే మాట్లాడుకున్నారు గానీ ఒక్క అంగుళం కూడా తగ్గలేదు. చివరికి ఆయన కుర్చీలో కూలబడి మొహం రుద్దుకున్నాడు. "మన ఇద్దరిలో ఎవరో ఒకరం మర్చిపోయాం. ఎవరమో తేలకుండా ఆయన పేరు పెట్టి ఆడించలేను. తప్పుగా ఆడే కన్నా ఆడకపోవడం నయం," అన్నాడు.

ఆ పిల్ల మెల్లగా పియానో దగ్గరికొచ్చి నిలబడింది. ముక్కు ఎర్రగా ఉంది. "ఆంటీ, తీసేస్తరా?" అంది. భయమేస్తే తెలుగొస్తుంది ఆ పిల్లకి, అచ్చం వాళ్ళమ్మ తెలుగు. నాకు పియానో మూత తీసి ఆ మఫ్లరాయన నెత్తిన వెయ్యాలనిపించింది. కానీ నిజం చెప్పాలంటే అది ఆయన మీద కోపం కాదు, మిస్ కోసం భయం. మిస్ మొహంలో రక్తం లేదు. తనే మర్చిపోయిందేమో అన్న అనుమానం ఆవిడకి అప్పుడే పుట్టింది, అది నేను చూశాను.

"నీ రైలెప్పుడు?" అనడిగింది మిస్.

"సాయంత్రం."

"అయితే టైముంది. ఆ తెర లాగండి."

అద్దం మీదికి లాగే నల్ల తెర ఒకటుంది. లాగేశాం. హాలు సగానికి తగ్గినట్టయింది. మిస్ హాలు మధ్యకి వెళ్ళి, ఎప్పుడూ పిల్లలు చూసే వైపుకి, తెర వైపుకి తిరిగి నిలబడి కళ్ళు మూసుకుంది. నేను వాయించాను. ఆవిడ చేతులు లేచాయి, వెంటనే కిటికీ వైపు వెళ్ళాయి.

"ఆపు," అంది. "ఇవి కాదు. ఇవి పాఠం చెప్పే చేతులు, అవి చెప్పిందే చెబుతాయి. కాళ్ళనడగాలి."

"నీ తుంటి..." అన్నాడు డైరెక్టరు లేస్తూ.

"నువ్వు కూర్చో. పెట్, అసలు వేగంలో వాయించు. నన్ను చూసి తగ్గించకు."

చేతులు కట్టేసుకుని నిలబడింది. నేను వాయించాను. రెండు వరసలు అలాగే కదలకుండా ఉంది. పిలుపులా ఉంటుందని చెప్పిన చోట ఊపిరి పీల్చుకుంది, కదిలింది. తెల్లబడిన జుట్టు, లావెక్కిన నడుం, అరిగిన ఎముక, అన్నీ కదిలాయి. కళ్ళు మూసుకునే నేరుగా నా మీదికి వచ్చేస్తోంది. పియానో తగులుతుందేమో అనుకునేలోపే ఆగి కళ్ళు తెరిచింది. ఎదురుగా నేను.

"నేనిక్కడికెందుకొచ్చాను?" అంది.

ఆవిడ తెరని చూసింది, ఆ పిల్లని చూసింది, పిల్లకి ఎదురుగా తను నిలబడే చోటుని చూసింది. ఉన్నట్టుండి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో. తప్పు నాదే."

తర్వాత ఆవిడే విడమరిచి చెప్పింది. ఏళ్ళ తరబడి క్లాసులో పిల్లలకి ఎదురుగా నిలబడి, తన ఎడమ కాలితో వాళ్ళ కుడి కాలుని నడిపించింది. కానీ ఈ నాట్యం క్లాసులోది కాదు, తన ఒంట్లోది. గుర్తు తెచ్చుకుంటూ చూపించినప్పుడు, తిరగెయ్యకుండా, నిజంగానే తన కుడి వైపుకి, అంటే కిటికీ వైపుకి వెళ్ళింది. ఎదురుగా ఉన్న పిల్ల, పసితనం నుంచి అలవాటైనట్టే, అద్దంలో బొమ్మలా అదే కిటికీ వైపుకి, అంటే తన ఎడమకి వచ్చింది. అలా మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా మొత్తం తిరగబడింది. జీవితమంతా తనని తాను అద్దంలోనే చూసుకున్న మనిషి కదా, తిరగబడ్డ నాట్యమే ఆవిడ కళ్ళకి సరిగ్గా కనపడింది.

డైరెక్టరు గొంతు మెత్తబడింది. "పోనీ మావాడే తిరగేసి నేర్చుకుంటాడు. అమ్మాయి ఎలా నేర్చుకుందో అలాగే ఉంచుదాం. చూసేవాళ్ళకేం తెలుస్తుంది?"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకేం, ఒప్పేసుకోండి మిస్, అని మనసులో మొక్కుకున్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఆయన అలా కూర్చలేదు. తిరగేసింది నేను. నా పొరపాటుకి ఆయన పేరు పెడతామా?"

తర్వాత ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది. "నీ చేత చాలా కష్టం చేయించాను. మళ్ళీ చేయించబోతున్నాను. క్లాసులో ప్రతిదీ కుడివైపు చేశాక ఎడమవైపు చేయిస్తాను కదా, అదే అనుకో. వచ్చి నా వెనక నిలబడు."

"వెనకా?" అంది ఆ పిల్ల. మిస్ వెనక నిలబడడం ఆ పిల్లకి తెలియదు.

"వెనకే. ఈసారి నా మొహం చూడకు. వీపు చూడు."

మిస్ వీపు తిప్పింది. నేను చూసినన్నాళ్ళలో ఒక పిల్లకి ఆవిడ వీపు తిప్పడం అదొక్కసారే. ఆ పిల్ల ఎలా చేస్తోందో, మడమ వంకరపోయిందో ఆవిడకి తెలిసే దారి లేదు. తెర మూసి ఉంది, వెనక్కి చూడకూడదు. నమ్మకం తప్ప ఇంకేం లేదు.

మొదట ముక్కలు ముక్కలుగా, మెల్లగా నడిచారు. ఆ పిల్ల తడబడి కిటికీ వైపు వెళ్ళిపోయేది, నాలిక కరుచుకుని తిరిగొచ్చేది. మిస్ నుదుటి మీద చెమట, నొప్పికి పెదవులు బిగబట్టడం నాకు పక్క నుంచి కనిపిస్తూనే ఉన్నాయి. మళ్ళీ, మళ్ళీ, మళ్ళీ. సర్జరీలో ఒక మనిషి నొప్పి అని నోరు తెరవకుండా నిలబడితే లోపలికి తీసుకెళ్ళి కుర్చీ వేసేదాన్ని. ఇక్కడ మాత్రం వాయిస్తూ కూర్చున్నాను, ఎందుకంటే ఆవిడ ఆపమనలేదు. నది మీద వెలుగు పోయింది, కిటికీల అవతల పొగమంచు కమ్ముకుంది. ఎవరూ లేచి లైటు వెయ్యలేదు.

"ఇప్పుడు మొత్తం," అంది మిస్. "ఆగకుండా."

ఇద్దరూ కదిలారు. ముందు ఒక వయసు మీరిన ఒళ్ళు, వెనక ఒక లేత ఒళ్ళు, ఒకే ఊపిరి. పిలుపు వచ్చిన చోట ఇద్దరూ కుడివైపుకి, నా వైపుకి వచ్చారు. అటు నుంచి లండన్ డాన్సరు కదిలాడు, ఢీకొనలేదు. సంగీతం పైకి లేచి, గెంతాల్సిన చోటు దగ్గరపడింది. అక్కడ మిస్ ఆగిపోయింది. తుంటి ఇక ఒప్పుకోదు. పియానో అంచు పట్టుకుని పక్కకి జరిగింది. నేను ఆవిడ మొహం వంక చూశాను, ఆపమంటుందేమోనని. అనలేదు. ఆ పిల్ల ఆగలేదు. మిస్ వదిలిన ఖాళీలోంచి ముందుకొచ్చి లేచింది. ఎదురుగా చూసుకోవడానికి ఎవరూ లేరు. అతని చేతులు సరిగ్గా ఆ చోటికే వచ్చి అందుకున్నాయి.

చివరిదాకా వాయించాను. ఆఖరి స్వరం మీంచి చేతులు తీశాక కూడా వాళ్ళిద్దరూ అలాగే నిలబడ్డారు. డైరెక్టరు కిటికీ దగ్గరికెళ్ళి ఎవరికో ఫోన్ చేసి, "ఉంటుంది. బదులు పెట్టినదాన్ని తీసెయ్యండి," అన్నాడు.

మిస్ అది విన్నట్టు లేదు. పియానో మీద ఒరిగి, ఆ పిల్ల నిలబడిన చోటునే చూస్తోంది. తుడుచుకోకుండా ఏడుస్తోంది. కాసేపటికి నా వైపు తిరిగింది.

"నేనిది ఎప్పుడూ చూడలేదు, పెట్," అంది. "ఎప్పుడూ లోపలే ఉండేదాన్ని కదా."

నేను పక్కకి జరిగి, పియానో బల్ల మీద ఆవిడని కూర్చోబెట్టుకున్నాను.

"బాగుంది కదూ?" అనడిగింది.